బంధుత్వం చాప్టర్: ముందు మన ఇంటి పిలుపులు, తర్వాతే థియరీ

సివిల్స్ మెయిన్స్‌లో సోషియాలజీ ఆప్షనల్ తీసుకున్నవాళ్లలో చాలామంది బంధుత్వం చాప్టర్‌ని ఆఖరికి నెట్టేస్తారు. పేర్లు, నిర్వచనాలు గుర్తుండవని భయం. కానీ మన తెలుగువాళ్లకి ఇందులో సగం చిన్నప్పటి నుంచీ నోటికి వచ్చిందే.

ఒక తెల్లకాగితం మధ్యలో 'ఈగో'ని, అంటే ఎవరి వైపు నుంచి వరసలు లెక్కపెడుతున్నామో ఆ మనిషిని పెట్టండి. మగవాళ్లకి త్రిభుజం, ఆడవాళ్లకి సున్నా, పెళ్లికి రెండు అడ్డగీతలు. రెండు వైపులా మూడు తరాలు గీసి, ప్రతి గుర్తు కిందా ఇంట్లో పిలిచే పిలుపు రాయండి. పెదనాన్న, చిన్నాన్న, పెద్దమ్మ, పిన్ని పిల్లలు అన్నలు, చెల్లెళ్లు. మేనత్త, మేనమామ పిల్లలు బావలు, మరదళ్లు. ఇప్పుడు 'అత్త' ఎక్కడెక్కడ పడిందో చూడండి: నాన్న అక్క లేదా చెల్లెలు, మేనమామ భార్య, భార్య తల్లి. కుండమార్పిడి పెళ్లి చేసుకున్న ఇంట్లో మళ్లీ మేనరికం జరిగితే ఆ ముగ్గురూ ఒక్క మనిషే! హిందీలో బువా, మామీ, సాస్ వేర్వేరు మాటలు. మేనమామ కొడుకూ అక్కడ భాయీయే, కాబట్టి ఆ వరసలో పెళ్లి ఊసే రాదు. మానవశాస్త్రవేత్త ఇరావతి కార్వే 1953లో చూపిన ఉత్తర, దక్షిణ భారత బంధుత్వాల తేడా, ఫ్రెంచ్ మానవశాస్త్రవేత్త డ్యూమాంట్ చెప్పిన వైవాహిక బంధాల ప్రాధాన్యం ఈ ఒక్క కాగితంతో అర్థమవుతాయి.

హిందూ వివాహ చట్టం, 1955 కూడా ఇక్కడే కలపండి. అన్నాచెల్లెళ్ల పిల్లల మధ్య పెళ్లి నిషిద్ధ బంధుత్వాల్లోకి వస్తుంది. అయితే ఆచారం ఒప్పుకుంటే చెల్లుతుంది. ఈ మినహాయింపు రాయకుండా 'మేనరికం చట్టవిరుద్ధం' అని తేల్చేస్తే జవాబు తప్పే.

మార్కులు పోయే ఇంకో చోటు, మాతృవంశీయాన్ని (తల్లి వైపు నుంచి వంశం లెక్కించడం) మాతృస్వామ్యం (ఆడవాళ్ల పెత్తనం) అనేయడం. మేఘాలయ ఖాసీల్లో వంశం తల్లి నుంచి వస్తుంది, పూర్వీకుల ఇల్లు చిన్నకూతురికి దక్కుతుంది. కానీ కుటుంబ వ్యవహారాల్లో మేనమామ మాటకి బరువుంది. కేరళ నాయర్ల పాత తరవాడ్ (తల్లి వైపు ఉమ్మడి కుటుంబం) పద్ధతిలో భర్త రాత్రికి వచ్చి వెళ్లేవాడు. కుటుంబమంటే ఉమ్మడి నివాసం ఉండాలన్న అమెరికన్ మానవశాస్త్రవేత్త మర్డాక్ 1949 నిర్వచనం అక్కడ నిలవదు. ఇదొక్కటీ గట్టిగా పట్టుకోండి, కుటుంబం సార్వత్రికమా అన్న ప్రశ్న ఎలా తిప్పి అడిగినా పనికొస్తుంది.

ఉమ్మడి కుటుంబం విడిపోతోందా అనే ప్రశ్నకి సామాజికశాస్త్రవేత్త ఎ.ఎం. షా చెప్పిన తేడా చాలు: ఒకే కప్పు కింద ఉండేది గృహం, కుటుంబం దానికన్నా పెద్దది. హైదరాబాద్‌లో వేరు కాపురం పెట్టిన కొడుకు ఊళ్లో పొలంలోనూ, పెళ్లి ఖర్చులోనూ భాగస్తుడే.

పది మార్కుల జవాబు 150 పదాలే. అందులో బొమ్మకి రెండు నిమిషాలు మించనివ్వకండి, పిలుపులు మాత్రం తప్పకుండా రాయండి.