అరకు టికెట్ కొనకుండా అరకు: పిల్లలతో ఊహా ప్రయాణం, ఇప్పటివరకు

జూన్ నెలాఖరు

ఆదివారం పొద్దున్నపూట మా అమ్మాయికి (నాలుగో తరగతి), మా అక్క కొడుక్కి (ఐదో తరగతి) లెక్కలు, పటం చదవడం కలిపి నేర్పుతున్నాను. దీనికి పుస్తకమంటూ లేదు, ఒక ప్రయాణం ఉంది. విజయవాడ నుంచి అరకుకి మూడు రోజులు. ఇద్దరు పెద్దలు, ఇద్దరు పిల్లలు. చేతిలో 12,000 రూపాయలు. టికెట్ కొనం, రైలెక్కం. మిగతాదంతా నిజంగా వెళ్లేవాళ్లు చేసినట్టే చేయాలి.

పిల్లలు మొదట లండన్ అన్నారు, తర్వాత చందమామ అన్నారు. రెండిటికీ ఒప్పుకోలేదు. లండన్‌లో టిఫిన్ ఎంతవుతుందో వాళ్లకీ తెలియదు, నాకూ తెలియదు. నేను చెప్పిన అంకె రాసుకోవడం తప్ప వాళ్లకి పనుండదు. అరకు అయితే రైలు టైములు చూసుకోవచ్చు, వీధి చివర హోటల్లో రేట్లు అడగొచ్చు, వెళ్లొచ్చిన చుట్టాలకి ఫోన్ చేయొచ్చు. ఇందులో ఊహ ఒక్క ప్రయాణమే. అంకెలు మాత్రం నిజమైనవే ఉండాలి. అప్పుడే లెక్క తప్పితే ఆ తప్పు ఎక్కడో ఒకచోట తగులుతుంది. రైలు వెళ్లిపోతుంది, లేదా రాత్రి భోజనానికి డబ్బులుండవు. ఎర్ర పెన్నుతో ఇంటూ కొట్టే పని నాకు తప్పింది.

సామాన్లు పెద్దగా ఏమీ అక్కర్లేదు: ఆంధ్రప్రదేశ్ మడత పటం, దాని మీద పరవడానికి పారదర్శకమైన ప్లాస్టిక్ షీటు, లావుపాటి కుట్టుదారం, స్కెచ్ పెన్, గడుల నోట్‌బుక్. ఆడుకునే నోట్లు ఉంటే సరే, లేకపోతే పాత క్యాలెండర్ వెనక కత్తిరించుకోవచ్చు.

పటం కొనేటప్పుడు అచ్చయిన సంవత్సరం చూడండి. 2022 ఏప్రిల్‌లో జిల్లాలు మారాయి. పాత పటంలో అరకు విశాఖపట్నం జిల్లాలో ఉంటుంది, కొత్తదాంట్లో అల్లూరి సీతారామరాజు జిల్లాలో. మా ఇంట్లో పాతది కూడా ఉంది, పారేయలేదు. రెండూ పక్కపక్కన పరిచి ఏం మారిందో వెతకమన్నాను. జిల్లా గీతలు మారాయి గానీ నదులు, రైలు పట్టాలు కదల్లేదని వాళ్లే చెప్పారు. మనుషులు గీసిన హద్దు, నేల మీద నిజంగా ఉన్న వస్తువు ఒకటి కాదని ఇంతకంటే తేలిగ్గా చెప్పే దారి నాకు తెలియదు.

ఇంకో జాగ్రత్త. పటం చిన్నదిగా ఉందని జిరాక్స్‌లో ఎ4 నుంచి ఎ3కి పెద్దది చేయిస్తే, దాని మీద ‘1 సెం.మీ. = 20 కి.మీ.’ అని రాసి ఉన్నది ఇక పనికిరాదు. పొడవు 1.4 రెట్లు పెరుగుతుంది కాబట్టి ఒక సెంటీమీటరు సుమారు 14 కిలోమీటర్లే అవుతుంది. కింద గీత రూపంలో గీసిన స్కేలు మాత్రం పటంతోపాటే పెరుగుతుంది, కాబట్టి దాన్ని నమ్మొచ్చు. ఫోన్లో పటం జూమ్ చేసినప్పుడు మూలనున్న ఆ చిన్న గీత కింద అంకె మారుతూ ఉండటం చూపిస్తే పిల్లలకి వెంటనే అర్థమవుతుంది.

జూలై మొదట్లో

పటాన్ని గోడకి తగిలించాను గానీ అది పిల్లలకి పనికిరాలేదు. “శ్రీకాకుళం పైన ఉంది కదా నాన్నా, అక్కడికి రైలు కొండెక్కాలా?” అని మా అమ్మాయి అడిగింది. గోడ మీద ఉన్నంతసేపూ ఉత్తరమంటే ఎత్తు అన్నట్టే కనిపిస్తుంది. కిందికి దించి నేల మీద పరిచాం. పొద్దున ఎండ వచ్చే కిటికీ వైపు పటంలోని బంగాళాఖాతం ఉండేలా తిప్పాం. అప్పుడు ఉత్తరం వంటగది వైపు వచ్చింది. ఎత్తు సంగతి రంగుల్లో చూసుకోవాలని చెప్పి మదనపల్లె వెతకమన్నాను. పటంలో అది అడుగున ఉంటుంది గానీ సముద్ర మట్టానికి దాదాపు 700 మీటర్ల ఎత్తు. పైన ఉన్న శ్రీకాకుళం తీరం పక్కన, పల్లంలో. ఇక ఆ ప్రశ్న మళ్లీ రాలేదు.

జూలైలో వాన పడిన ఆదివారం

అన్నిటికంటే బాగా సాగింది దారం పనే.

ముందు స్కేలు బద్దతో విజయవాడ నుంచి విశాఖకి సూటిగా కొలిచారు. 15.3 సెంటీమీటర్లు. నాలుగో తరగతిలో దశాంశాలు ఇంకా రాలేదు కాబట్టి మిల్లీమీటర్లలోకి మార్చుకున్నాం. సెంటీమీటరుకి 20 కిలోమీటర్లయితే మిల్లీమీటరుకి 2. 153ని రెట్టింపు చేస్తే 306 కిలోమీటర్లు. ఈ చిట్కా గుర్తుంచుకోండి. పటం స్కేలు పదితో తెగేదిగా ఉంటే చిన్న తరగతుల పిల్లలు కూడా గుణకారంతోనే నెట్టుకొస్తారు.

తర్వాత దారం. దాన్ని కొద్దిగా తడిపితే ప్లాస్టిక్ షీటుకి అతుక్కుని వంపుల దగ్గర జారిపోదు. ఏలూరు, రాజమండ్రి, సామర్లకోట, తుని మీదుగా రైలు గీత వెంటే పరిచి, విశాఖ దగ్గర స్కెచ్ పెన్‌తో గుర్తుపెట్టి, తీసి సాగదీయకుండా కొలవాలి. 169 మిల్లీమీటర్లు వచ్చింది, అంటే 338 కిలోమీటర్లు. రైల్వే లెక్కలో 350.

“మిగతా పన్నెండు కిలోమీటర్లు ఎక్కడికి పోయాయి మామయ్యా?” అన్నాడు మావాడు. పటం చిన్నదవుతున్నకొద్దీ చిన్న చిన్న వంపులు మాయమవుతాయని, గీసేవాళ్లు వాటిని సాపు చేసేస్తారని చెప్పాను. నమ్మలేదు. ఫోన్లో అదే రైలు గీతని దగ్గరగా చూపిస్తే అప్పుడు నమ్మాడు.

అసలు తమాషా విశాఖ నుంచి అరకు దాకా కొలిచినప్పుడు వచ్చింది. సూటిగా 40 మిల్లీమీటర్లే, 80 కిలోమీటర్లు. దారం పరిస్తే, రైలు అరకు వైపు పోకుండా మొదట విజయనగరం దారి పట్టింది! కొత్తవలస దాకా వెళ్లి అక్కడ ఎడమకి తిరిగి, శృంగవరపుకోట దాటి కొండల్లోకి ఎక్కుతుంది. రైలు దూరం సుమారు 130 కిలోమీటర్లు. పెద్దవాడి చేత రెండు భాగాలనీ పోల్చించాను. సూటిగా 10 కిలోమీటర్లున్న చోట మైదానంలో రైలు 11కి కొంచెం పైన నడుస్తోంది, ఘాట్‌లో 16 నడుస్తోంది. నిష్పత్తి అనే మాట నేను ఎక్కడా వాడలేదు, ఇప్పుడప్పుడే వాడను కూడా.

ఎందుకలా చుట్టు తిరుగుతుందో తెలియడానికి గడుల నోట్‌బుక్‌లో ఎత్తుల బొమ్మ వేశారు, గడికి 100 మీటర్ల చొప్పున. విశాఖ గడి అడుగునే ఉండిపోయింది. బొర్రా గుహల దగ్గర ఏడు గడులు. శిమిలిగుడ స్టేషన్ ఎత్తు 996 మీటర్లు, పదో గడి కాస్తలో నిండలేదు. అరకు తొమ్మిది. చివర్లో రైలు కిందికి దిగుతోందని మా అమ్మాయి కనిపెట్టింది. అరకే అన్నిటికంటే ఎత్తని నేనూ అనుకునేవాణ్ణి.

ఇంకా హుషారుంటే ఈ లెక్క ఇవ్వండి. సర్వే ఆఫ్ ఇండియా 1:50,000 పటాల్లో ఒక సెంటీమీటరు అంటే అర కిలోమీటరు. ఆ స్కేలులో విజయవాడ నుంచి విశాఖకి దారం ఎంత కావాలి? 700 సెంటీమీటర్లు, అంటే ఏడు మీటర్లు. మా హాలు చాల్లేదు. దారాన్ని వరండాలోంచి మెట్ల దాకా లాగి, కింది ఇంటివాళ్లకి సంజాయిషీ చెప్పుకోవాల్సి వచ్చింది.

జూలై చివర

గంటలు, నిమిషాలు. దీనికి ఎక్కువ సమయం పట్టింది. రైల్వే టైము 24 గంటల పద్ధతిలో ఉంటుంది కాబట్టి పిల్లలు దాన్ని మామూలు అంకెల్లాగే తీసేస్తారు. 9:50కి బయలుదేరి 13:05కి చేరితే ఎంతసేపు? 1305లోంచి 950 తీసేసి, 3 గంటల 55 నిమిషాలు అన్నారు ఇద్దరూ. అసలు జవాబు 3 గంటల 15 నిమిషాలు. అప్పు తెచ్చుకున్నప్పుడు గంట నుంచి 60 వస్తాయి, వీళ్లు 100 తెచ్చుకున్నారు. అందుకే ఈ తప్పు ఎప్పుడు జరిగినా సరిగ్గా 40 నిమిషాలే ఎక్కువొస్తుంది. మీ పిల్లల జవాబు 40 నిమిషాలు ఎక్కువుంటే కారణం వెతకనక్కర్లేదు.

తీసివేత మానేసి గెంతులు వేయించాను. 9:50 నుంచి 10:00కి పది నిమిషాలు, అక్కణ్ణుంచి 13:00కి మూడు గంటలు, ఇంకో ఐదు నిమిషాలు. నేల మీద సుద్దతో గీత గీసి నిజంగానే గెంతమంటే చిన్నది తొందరగా పట్టుకుంది.

వేగం లెక్క మాత్రం చిటికెలో అయిపోయింది. పొద్దున రత్నాచల్ ఎక్స్‌ప్రెస్ ఎక్కితే విశాఖకి సుమారు ఆరు గంటలు, గంటకి 58 కిలోమీటర్ల లెక్క. అరకు వెళ్లే కిరండూల్ పాసింజర్‌కి 130 కిలోమీటర్లకి దాదాపు నాలుగు గంటలు, గంటకి 32. ఎత్తుల బొమ్మ ముందే వేసి ఉండటంతో ఎందుకని ఎవరూ అడగలేదు.

ఆగస్టు

డబ్బు సంగతి. రైలు చార్జీలు మారుతుంటాయి కాబట్టి మా అంకెలు ఎత్తి రాసుకోకండి, మీరే చూసుకోండి. పిల్లల టికెట్ విషయంలో ఒకటి గమనించాలి. రైల్లో 5 నుంచి 12 ఏళ్లలోపు పిల్లలకి విడిగా బెర్త్ కావాలంటే పూర్తి చార్జీ. ఆర్టీసీ బస్సులో హాఫ్ టికెట్. సగం చేయడం, రెట్టింపు చేయడం ఇక్కడ బాగా వస్తాయి.

పిల్లల మొదటి బడ్జెట్‌లో ఐస్‌క్రీమ్‌కి, బొంగు చికెన్‌కి, గుర్రపు స్వారీకి డబ్బులున్నాయి. రెండు రాత్రుల భోజనానికి లేవు. నేను నోరు విప్పలేదు. విశాఖలో సాయంత్రం ఏడింటికి ఏం తింటారని మాత్రం అడిగాను.

రెండోసారి రాసింది ఇలా ఉంది. గది రాత్రికి 1,800 చొప్పున 3,600. చేతిలో ఉంచుకోవడానికి పదో వంతు, 1,200. ప్రయాణాలన్నిటికీ 3,100. గుహలు, మ్యూజియం టికెట్లకి 700. తిండికి 3,400 మిగిలింది. మూడు రోజులు, నలుగురు మనుషులు.

ఇక్కడ ఇద్దరూ పోట్లాడుకున్నారు. పెద్దవాడు 3,400ని నేరుగా 12తో భాగించాడు. ఒక్కొక్కరికి రోజుకి 283, శేషం 4. చిన్నది ముందు మూడుతో భాగించింది, రోజుకి 1,133, శేషం 1. దాన్ని నాలుగుతో భాగిస్తే 283, మళ్లీ శేషం 1. “నాది నాలుగు, నీది ఒకటి, నువ్వే తప్పు” అని వాడు. రోజుకో రూపాయి చొప్పున మూడు రోజులకి మూడు, మొదట మిగిలింది ఒకటి, కలిపితే నాలుగే అని తేలడానికి అరగంట పట్టింది. ఆ అరగంట నేను కాఫీ తాగుతూ కూర్చున్నాను. మిగిలిన నాలుగు రూపాయలు ఏం చేయాలో మాత్రం వెంటనే తేలింది: రాజమండ్రి వంతెన మీద గోదారమ్మకి తలా ఒక రూపాయి.

అదే ఊపులో వంతెన లెక్క కూడా అడిగాను. 1900లో తెరిచిన పాత హేవలాక్ వంతెనకి 56 ఖానాలు (స్తంభానికీ స్తంభానికీ మధ్య భాగాలు), ఇప్పుడు రైళ్లు నడిచే ఆర్చి వంతెనకి 28. నది వెడల్పు అదే, ఖానాలు సగమయ్యాయి, మరి ఒక్కో ఖానా ఎంత పెరగాలి? రెట్టింపు అన్నారు. ఆర్చి ఒక్కోటి సుమారు 97 మీటర్లు.

రోజుకి 283తో బొంగు చికెన్ కుదరదని తెలిసి మా అమ్మాయి ఒక ఉపాయం చెప్పింది. “వైజాగ్‌లో చిన్నమ్మమ్మ వాళ్లింట్లో పడుకుంటే గది అక్కర్లేదు కదా!” 1,800 మిగులుతాయి. దానికి నేనేం అడ్డు చెప్పగలను? కానీ చుట్టాలింటికి ఒట్టి చేతులతో వెళ్తామా అని మా అమ్మ లోపలి నుంచి అరిచింది. స్వీట్లు, పళ్లు కలిపి 400 రాశారు. లాభం 1,400. బొంగు చికెన్ వచ్చేసింది, గుర్రం ఇంకా రాలేదు.

ఇప్పుడున్న స్థితి

ఇంకా కుదరనిది తూర్పు పడమరలు. పటాన్ని వేరే వైపు తిప్పి అడిగితే చిన్నది ఇప్పటికీ తడబడుతోంది. రోజూ స్కూలు దారిని పది గీతల్లో గీయమంటున్నాను, కాస్త మెరుగైంది.

తిరుగు ప్రయాణం సగంలో ఉంది. అరకు నుంచి విశాఖకి బస్సులో వస్తామన్నారు, ఘాట్ రోడ్డు సుమారు 115 కిలోమీటర్లని దారంతో సరిచూసుకున్నారు కూడా. విశాఖలో రాత్రి 00:20కి ఉన్న రైలు పట్టుకోవాలని నేను చీటీ రాసిచ్చాను. మూడో రోజు శనివారం కాబట్టి ఇద్దరూ కలిసి కాయితం టికెట్ మీద శనివారం తేదీ వేసి, సీటు నంబర్లు కూడా రాసుకున్నారు. శనివారం 00:20 అంటే శుక్రవారం అర్ధరాత్రి దాటిన ఇరవై నిమిషాలకే, అప్పటికి వీళ్లు అరకులో నిద్రపోతుంటారు. నేనేం అనలేదు. వచ్చే ఆదివారం సామాన్లతో స్టేషన్‌కి చేరతారు, టీసీ వేషం నాదే.