లండన్ నుంచి వచ్చిన సంచి

గత నెల కడపలోని మా ఇంటికి లండన్ నుంచి ఒక పొట్లం వచ్చింది. విక్టోరియా అండ్ ఆల్బర్ట్ మ్యూజియం ఆన్‌లైన్ దుకాణంలో నేను కొన్న గుడ్డసంచి మీద, 1883లో ఆంగ్ల కళాకారుడు విలియం మోరిస్ రూపొందించిన, స్ట్రాబెర్రీలు ఎత్తుకుపోయే పిట్టల నమూనా అచ్చయి ఉంది. అక్కడ శాశ్వత ప్రదర్శనలు చూడడానికి 2001 నుంచి రుసుము లేదు కాబట్టి ఇటువంటి అమ్మకాల రాబడి ఆ సంస్థకు ఎంతో అవసరం; 2020లో కోవిడ్ వల్ల మ్యూజియంలు మూతపడినప్పుడు ఆన్‌లైన్ అమ్మకాల విలువ మరింత తెలిసివచ్చింది.

ఆ సంచిని చూసినప్పుడల్లా నా మనసు మా ఊరి భగవాన్ మహావీర్ ప్రభుత్వ మ్యూజియం వైపు, బ్రౌన్ దొర నివసించిన చోట వెలసిన గ్రంథాలయం వైపు మళ్లుతుంది. అక్కడి రాతిశిల్పాల ఛాయాచిత్రాలతో పోస్టుకార్డులు, 1852 నాటి బ్రౌన్ నిఘంటువులోని పుటలతో క్యాలెండర్లు, ధర్మవరం దగ్గరి నిమ్మలకుంట కళాకారులు మేకతోలుపై రంగులద్దిన దీపపు తొడుగులు ఆన్‌లైన్‌లో దొరికితే, విదేశాల్లో ఉన్న మన సీమవాళ్లు తప్పక కొంటారని నా నమ్మకం. అయితే యంత్రాల మీద పోతపోసిన నకళ్లు వద్దు. ప్రతి వస్తువు ధరలో కళాకారునికి ఎంత, మ్యూజియానికి ఎంత చేరుతుందో దాని చీటీ మీదే అచ్చువేయాలి.