నోరు ఎండింది, మెడ లేవలేదు

పురుగుమందు ఎక్కితే నోట్లో నురగ వస్తుందని మన ఊళ్లలో చిన్నపిల్లలకీ తెలుసు. ఎందుకొస్తుందంటే మాత్రం "విషం కదా" అని ఊరుకుంటాం. మోనోక్రోటోఫాస్ లాంటి ఆర్గానోఫాస్ఫరస్ మందులు ముఖ్యంగా చేసేది ఒక్కటే, నరం చెప్పిన మాటకి అంతు లేకుండా చేయడం.

నరం వెంట వచ్చేది కరెంటే గానీ, అది నేరుగా కండరంలోకో గ్రంథిలోకో దూకదు. చివర్లో సన్నటి ఖాళీ ఉంటుంది. అక్కడ నరం ఎసిటైల్‌కోలిన్ అనే రసాయనాన్ని వదులుతుంది, అవతలి కణం అందుకుంటుంది. నరం మాట ఇలా రసాయనంతో దాటుతుందని 1921లో ఆటో లోవి అనే శాస్త్రవేత్త కప్ప గుండెలతో తేల్చాడు: ఒక గుండెకి వెళ్లే, దాన్ని నెమ్మదింపజేసే వేగస్ నరాన్ని ప్రేరేపించి, ఆ గుండె ఉన్న ద్రవాన్ని తీసి రెండో గుండెకి పెడితే అదీ నెమ్మదించింది. పని కాగానే కోలినెస్టరేజ్ అనే ఎంజైము ఆ ఎసిటైల్‌కోలిన్‌ని క్షణంలో విరిచేయాలి. పురుగుమందు పట్టేసేది ఆ ఎంజైమునే.

ఎసిటైల్‌కోలిన్ విరగక పోగుపడి గ్రంథుల్ని ఆపకుండా తోస్తూనే ఉంటుంది. ఇక చొంగ, కన్నీళ్లు, ఊపిరితిత్తుల్లో కఫం, అన్నీ ఒకేసారి. చెమట సంగతి ఇంకా చిత్రం, దాని గ్రంథులకు వెళ్లేవి సింపథెటిక్ అనే జాతి నరాలు, అవి చాలావరకు చివర్లో నార్‌ఎడ్రినలిన్ అనే వేరే రసాయనాన్ని వదులుతాయి, ఇక్కడ మాత్రం ఎసిటైల్‌కోలినే, అందుకే ఒళ్లు తడిసి ముద్దవుతుంది.

మా బాబాయి పత్తికి మందు కొట్టి, తడిసిన చొక్కాతోనే సాయంత్రం దాకా చేలో ఉన్నాడు. ఆసుపత్రికి వెళ్లేసరికి కంటిపాపలు చుక్కల్లా ఉన్నాయి, పిక్కల్లో కండరాలు చర్మం కింద పురుగులు పాకినట్టు అదురుతున్నాయి. ఆట్రోపిన్ ఇచ్చారు. (మన ఉమ్మెత్తలోనూ ఉంటుందది, అలాగని ఇంట్లో ఉమ్మెత్త వైద్యం పెట్టకండి, అదీ విషమే.) నోరు ఎండింది, ఊపిరిలో గరగర పోయింది, ఇంటికెళ్దామని మావాళ్లు ఒకటే గొడవ.

డాక్టర్ పంపలేదు. గ్రంథికి ఎసిటైల్‌కోలిన్‌ని అందుకునే గ్రాహకం ఒక రకం, చేతినీ కాలినీ కదిపే కండరాలకి ఉన్నది ఇంకో రకం. ఆట్రోపిన్ మూసేది మొదటిదాన్నే. ఊపిరి పీల్చే కండరాలు రెండో జట్టులోవి కాబట్టి వాటికి ఆ మందు చేసేదేమీ లేదు, చొంగ ఆగిందంటే కండరాలు బాగున్నాయని కాదు. ఒకటి నుంచి నాలుగు రోజుల మధ్య అవి హఠాత్తుగా చచ్చుబడొచ్చని 1987లో శ్రీలంక డాక్టర్లు రాశారు. అందుకే మెడలో బలం తగ్గుతోందేమో చూడ్డానికి ఆయన రౌండ్స్‌కి వచ్చినప్పుడల్లా అడిగేది ఒకటే: "దిండు మీంచి తల లేపండి." మూడో రోజు పొద్దున బాబాయి మాట్లాడుతూనే ఉన్నాడు గానీ తల లేపలేకపోయాడు. మధ్యాహ్నానికి వెంటిలేటర్ పెట్టారు, కొన్నాళ్లకి తీశారు. ఆ ముందురోజు డిశ్చార్జి చేయమని అందరికన్నా గట్టిగా అరిచింది మా పిన్నే, ఇప్పుడు ఊళ్లో ఎవరికి మందు ఎక్కినా ముందు తల లేపమంటోంది.