బుగోయ్‌నెస్ రేవులో మూడు మునకలు

కారు దిగగానే ముక్కుకు తగిలింది ఎండుచేపల వాసన. ఉప్పాడ దగ్గర పుట్టినవాణ్ణి, నాకది కొత్త కాదు. కాకపోతే ఇక్కడ చేపల్ని ఇసుక మీద పరచరు. కాడ్ చేపల్ని జతలుగా తోకలకు ముడేసి కర్రల పందిళ్ళకు వేలాడదీస్తారు. ఉప్పు కూడా వెయ్యరు, చలిగాలే ఎండబెట్టేస్తుంది.

నార్వే ఈశాన్య కొసన, నేలలోకి చొచ్చుకొచ్చిన సముద్రపు పాయ వరంగెర్ ఫ్యోర్డ్ ఒడ్డున, ఓ రెండొందలమంది ఉండే జాలరి ఊరు బుగోయ్‌నెస్. మార్చి మొదట్లో ఫిన్లాండ్‌లోని రొవానియెమి నుంచి నేనూ మా ఆవిడా బయల్దేరాం. ఇవాలో, ఇనారి దాటాక రోడ్డుకు అడ్డంగా రెయిన్‌డీర్లు, అచ్చం మన ఊరి గేదెల్లాగే, హారన్ కొట్టినా కదలవు. నాటామో దగ్గర సరిహద్దు దాటగానే గడియారం గంట వెనక్కి పోయింది.

1944లో జర్మన్ సైన్యం వెనక్కి పోతూ ఫిన్‌మార్క్ అనే ఈ ప్రాంతంలో ఊళ్ళకు ఊళ్ళే తగలబెట్టింది. ఈ ఊరు తప్పించుకుంది. అందుకే ఇక్కడ పాత చెక్క ఇళ్ళు ఇంకా ఉన్నాయి. మా బస అలాంటి ఒకదాంట్లోనే. సౌనా, అంటే ఆవిరిస్నానాల గది, సముద్రం ఒడ్డునే.

చలిదేశంలో పదేళ్ళుగా ఉంటున్నా నలుగురితో కలిసి సౌనాలో కూర్చోవడానికి నాకు ఇప్పటికీ మొహమాటమే. నిక్కరుతో వెళ్ళి కింది అరుగు మీద ఓ మూల ఒదిగాను. పై అరుగు మీద ఒక పెద్దావిడ. చెక్క గరిటెతో పొయ్యి మీది రాళ్ళపై నీళ్ళు పోసింది. సుయ్‌మని లేచిన ఆవిరి చెవి తమ్మెలు కాల్చింది. ఆ ఆవిరికి ఫిన్నిష్‌లో వేరే పేరుంది, లొయ్‌లు. ఆవిడ ఆ మాటే అంది. నార్వేలో ఫిన్నిష్!

పంతొమ్మిదో శతాబ్దంలో ఫిన్లాండ్ నుంచి పొట్ట చేతపట్టుకుని వచ్చినవాళ్ళే ఈ ఊరి పూర్వీకులు. ఊరికి వాళ్ళ పేరు పుకెయ్యా. బళ్ళలో నార్వేజియన్ తప్ప మరో భాష వినబడకూడదని ప్రభుత్వం చాలాకాలం పట్టుబట్టినా, ఇళ్ళలో ఆ భాష మిగిలింది. ఆవిడ మాట సగమే అర్థమైంది నాకు. మదురై వైపు పాతతరం వాళ్ళ తెలుగు విన్నట్టుంది. పదం మనదే, యాస ఎప్పటిదో.

చేపల ఫ్యాక్టరీ మూతపడ్డాక, 1989లో ఊరంతా కలిసి పేపర్లో ప్రకటన వేశారట, మమ్మల్నందర్నీ ఎవరైనా తీసుకుంటారా అని! ఆవిడ నవ్వుతూ చెప్పింది కానీ నాకు నవ్వు రాలేదు. ఆ తర్వాత ఊరిని నిలబెట్టినవాటిలో ఒకటి పీత. 1960లలో సోవియట్ శాస్త్రవేత్తలు పసిఫిక్ నుంచి తెచ్చి రష్యా వైపు వదిలిన కింగ్ క్రాబ్ ఇటు పాకింది. మొదట్లో వలలు చింపే దరిద్రం అనుకున్నారు, ఇప్పుడదే బంగారం. రాత్రి తిన్నాం. కాళ్ళ నిండా కండే. రుచికి మాత్రం మన మడపీతే మేలు, ఎవరేమన్నా సరే.

ఇక మునకలు. వెచ్చని ప్రవాహం పుణ్యమా అని ఇక్కడ సముద్రం గడ్డకట్టదు. అది వెచ్చన అనుకుంటే మన ఖర్మ. మొదటిసారి మోకాళ్ళ దాకా దిగి, కేకేసి, పొయ్యి దగ్గరికి పరుగు. రెండోసారి మెడదాకా. ఊపిరి అందలేదు, తర్వాత ఒళ్ళంతా మిరపకాయ రాసినట్టు మంట. “కార్తీకస్నానానికి మూడు మునకలండీ” అని ఒడ్డున శాలువా కప్పుకుని మా ఆవిడ ఎగతాళి. మూడోసారి తల కూడా ముంచాను. పైకొచ్చేసరికి ఆవిడే శాలువా తీసి పక్కన పెడుతోంది.

మర్నాడు పొద్దున చూస్తే రెయిలింగ్ మీద ఆరేసిన నా నిక్కరు పందిరి మీది కాడ్ చేపలా బిగుసుకుపోయింది. మడిస్తే విరుగుతుందేమోనని డిక్కీలో నిలువుగా పెట్టాను.