యేలగిరి ఘాట్‌లో బావ కారు

340 గుర్రాల కారు కొని మా బావ ఇన్నాళ్లూ చేసిందేమిటంటే, బెంగళూరు సిల్క్ బోర్డు జంక్షన్‌లో దాన్ని పాకించడం. ఆ బీఎండబ్ల్యూ జెడ్4ను ఒక్కసారైనా తమిళనాడులోని యేలగిరి ఘాట్ ఎక్కిద్దామని నేనే పోరుపెట్టాను. "నువ్వే నడుపు. గీత పడిందంటే మీ అక్కకి నువ్వే చెప్పుకోవాలి" అని తాళం చేతిలో పెట్టాడు.

తెల్లారకముందే బయల్దేరాం. హోసూరులో టీ కొట్టతను తెలుగులోనే పలకరించాడు. కృష్ణగిరి మీదుగా హైవే సంగతి చెప్పడానికేమీ లేదు. దిగాకే అసలు కష్టం. కారు పొట్టకీ నేలకీ మధ్య 114 మిల్లీమీటర్లే! ఊరూరా స్పీడ్ బ్రేకర్లు. ఏటవాలుగా ఒక్కో చక్రాన్నీ ఎక్కిస్తుంటే వెనక పాలవ్యాను ఆగకుండా హారన్.

యేలగిరికి 14 హెయిర్‌పిన్ మలుపులు. కొండ మొదట్లోనే టాప్ తెరిచేశాం. 50 కిలోమీటర్ల వేగం లోపు ఉంటే బండి కదులుతుండగానే 10 సెకన్లలో ముడుచుకుంటుంది. ఇందులో మన సీటు వెనక చక్రాలకు దగ్గరగా ఉంటుంది, బానెట్ పొడుగు. కారు ముక్కు మలుపు తిరిగాక గానీ మనం తిరగం. స్టీరింగ్ తిన్నగా ఉండగానే బ్రేకు వేసి, రెండో గేరుకు దించుకోవాలి. తోసేది వెనక చక్రాలే కనుక మలుపు మధ్యలో యాక్సిలరేటర్ గట్టిగా తొక్కితే తోక పక్కకు జారుతుంది. కుడి మలుపులు విశాలం, హాయి. ఎడమవి మనకు లోపలివైపు, ఇరుకు. ఎక్కే బండికే దారివ్వాలన్నది రూలు గానీ, పైనుంచి దిగే బస్సుకు ఆ మాట చెప్పేదెవరు? మేమే ఆగాం. స్పీడోమీటరు 45 దాటనే లేదు. అయినా ఆరు సిలిండర్ల మోత కొండకు తగిలి తిరిగొస్తుంటే ఇంకేం కావాలి!

మలుపులకు తమిళ కవుల పేర్లూ, సంగం కాలపు దాతల పేర్లూ పెట్టారు. వాళ్లలో పారి ఒకడు. మొల్లతీగకు పందిరి లేదని తన రథాన్నే దానికి వదిలేసి వెళ్లాడట. బావకు ఆ కథ చెప్పాను.

"ఆయన రథానికి ఈఎంఐ ఉండుండదు లేరా" అన్నాడు.

పైన పుంగనూరు చెరువు (మన చిత్తూరు వైపు పుంగనూరు కాదు), బోటింగు, జనం. ఎక్కువసేపు ఉండలేదు. దిగేటప్పుడు గేరు రెండులోనే ఉంచి, వేగాన్ని ఇంజిన్‌తోనే అదుపు చేసుకుంటూ వచ్చాం. కింది మలుపు దగ్గర ఎవరిదో కారు ఆగి ఉంది, బ్రేకులు కాలిన కంపు.

ఈసారి కొల్లి కొండలకి, అక్కడ 70 మలుపులు. బావ ఒప్పుకున్నాడు. కాకపోతే నడిపేది తనేనట.