పెద్దమ్మ పీఎఫ్ పైసలు చేతికందేదాకా: నా అనుభవం

జడ్చర్లలో మాది పల్లిపట్టీలు, నువ్వుల లడ్డూలు తయారుచేసే చిన్న యూనిట్. బాదేపల్లి మార్కెట్ యార్డు నుంచి పల్లికాయ తెచ్చి, ఒలిపించి, వేయించి, బెల్లం పాకంలో కలిపి పట్టీలు కోసే పని ఎనిమిది మందితో మొదలై ఇప్పుడు ఇరవై ముగ్గురికి చేరింది. వాళ్ల హాజరు, జీతాలు, సెలవులు, బతుకమ్మ పండుగ అడ్వాన్సులు అన్నీ చూసేది నేనొక్కదాన్నే. దానికోసం వేరే మనిషిని పెట్టుకునే స్తోమత మాకు లేదు.

పదిమంది కాగానే ఈఎస్‌ఐ (పనివాళ్ల వైద్య బీమా), నాలుగేళ్ల కిందట ఇరవైమంది కాగానే పీఎఫ్ (భవిష్య నిధి) రిజిస్ట్రేషన్ చేయించాను. రెండూ ఆన్‌లైన్‌లోనే ఇబ్బంది లేకుండా పూర్తయ్యాయి. జీతాలు 7వ తేదీలోపు ఇవ్వాలి, ఈ రెండింటి చందాలు 15వ తేదీలోపు కట్టాలి. ఈ నాలుగేళ్లలో ఒక్క నెల కూడా నేను ఆ తేదీలు దాటనివ్వలేదు. మా బజారులో ఈ మాట ధైర్యంగా చెప్పగలిగినవాళ్లు ఎంతమంది ఉన్నారో నాకు తెలుసు. అందుకే, మూడు నెలల కిందట మా గేటు ముందు జరిగింది నన్ను అంతగా కుంగదీసింది.

మొదటి నుంచీ పాకం దగ్గర పనిచేసిన పెద్దమ్మ, యాభై ఎనిమిదేళ్లు నిండాక, మోకాళ్ల నొప్పులతో పని మానుకుంది. పీఎఫ్ డబ్బు కోసం మీసేవ పక్కనున్న నెట్ సెంటర్‌లో దరఖాస్తు పెట్టిస్తే, పేరు కలవలేదని అది తిరిగి వచ్చింది. మరునాడు పొద్దున షిఫ్టు మొదలయ్యే వేళకు ఆమె అల్లుడు మరో ఇద్దరిని వెంటబెట్టుకొని వచ్చి, మనుషులందరూ చూస్తుండగా గేటు దగ్గరే నిలదీశాడు. "నాలుగేండ్ల సంది నెలనెలా కోసిన పైసలు ఏడ వెట్టినవ్ మేడం? గరీబోళ్ల పైసలు తింటవా?" అన్నాడు. పెద్దమ్మ పక్కనే తల వంచుకొని నిలబడింది, ఒక్క మాటా మాట్లాడలేదు. ఆ మౌనం నాకు అల్లుడి మాటలకన్నా ఎక్కువ బాధ కలిగించింది.

రాత్రి కూర్చొని ఆలోచిస్తే తప్పు నాదీ ఉందనిపించింది. పన్నెండు వేల జీతంలో పీఎఫ్‌కు 1,440 రూపాయలు, ఈఎస్‌ఐకి 90 రూపాయలు పోతాయని చీటీ మీద రాసి ఇచ్చాను కానీ, నేనూ మరో 1,440 కడుతున్నానని, అందులో వెయ్యి పెన్షన్ ఖాతాకు, 440 ఆమె పీఎఫ్ ఖాతాకు పోతాయని, ఈఎస్‌ఐకి నా చేతి నుంచి 390 పోతుందని ఎన్నడూ కూర్చోబెట్టి చెప్పలేదు. చెప్పని కోత ఎవరికైనా దొంగతనంలాగే కనబడుతుంది.

ఇక పేరు సంగతి. యూఏఎన్, అంటే పీఎఫ్ సభ్యుల గుర్తింపు నంబరు, తీసినప్పుడు ఆధార్‌లో ఉన్నట్టే పేరు వచ్చింది. తర్వాత ఆమె వేరే పని మీద ఆధార్‌లో అక్షరాలు సరిచేయించుకుంది. బ్యాంకు పుస్తకంలోనేమో ఇంటిపేరుకు బదులు ఒక్క పొడి అక్షరమే ఉంది. లక్ష్మమ్మ వంటి పేరును ఇంగ్లిషులో ఒకరు ఎక్స్ పెట్టి రాస్తారు, మరొకరు కేఎస్‌హెచ్ పెట్టి రాస్తారు. తెలుగులో ఒక్కటే అయిన మనిషి మూడు కాగితాల్లో ముగ్గురైంది. మా ఇరవై ముగ్గురిలో పదకొండు మందికి పుట్టినరోజు జనవరి 1 అని ఉందంటే, ఆధార్ తీసిన రోజుల్లో రుజువు లేనివారికి వయసును బట్టి సంవత్సరం మాత్రమే వేసుకున్నారని అర్థం. ఆ తేదీల చిక్కు ఎప్పుడు ఎవరికి తగులుతుందో తెలియదు.

2017 అక్టోబరు 1 తర్వాత ఆధార్‌తో సరిచూసి ఇచ్చిన యూఏఎన్‌లలో పేరు వంటి వివరాలను సభ్యులే ఆన్‌లైన్‌లో మార్చుకునే వీలు 2025 జనవరిలో వచ్చింది. అయితే దానికి ఓటీపీ కావాలి. పీఎఫ్‌లో ఉన్న ఫోన్ నంబరు ఎవరిదా అని చూస్తే, మేము మొదట్లో పీఎఫ్ పనికి పెట్టుకున్న కన్సల్టెంటుది! ఆయన తన పని సులువు కావాలని అందరికీ తన నంబరే ఇచ్చాడు. మా సంస్థ లాగిన్ పాస్‌వర్డ్, డిజిటల్ సంతకం కూడా తన దగ్గరే పెట్టుకున్నాడు. ఆమె మానుకున్న తేదీ నేను నమోదు చేయాలంటే ఆ లాగిన్ కావాలి. పాత బాకీ ఉందంటూ, ఇస్తానంటూ, రేపంటూ మూడు వారాలు తిప్పాడు. చివరికి ఆయన ఇంటి గడపలో కూర్చొని, ఇచ్చేదాకా కదలనని చెప్పి తెచ్చుకున్నాను. మీ సంస్థ పాస్‌వర్డూ, డిజిటల్ సంతకమూ మీ బీరువాలో లేకపోతే, ఈ రోజే వెళ్లి తెచ్చుకోండి.

ఆధార్ ఓటీపీ మరో కథ. ఆ నంబరు పుణేలో స్లాబు పనికి పోయిన ఆమె కొడుకుది. వాడు ఫోన్ చూసేసరికి పది నిమిషాల గడువు దాటిపోయేది. పాలమూరు ఇళ్లలో ఫోన్ ఉన్న మనిషి ఊళ్లో ఉండడు. నంబరు మార్పించడానికి ఆధార్ కేంద్రానికి తీసుకెళితే, ఆమె వేలిముద్రలు పడలేదు. వేడి పాకాన్ని అరచేత్తో తట్టి తట్టి వేళ్ల మీద గీతలే అరిగిపోయాయి. పది వేళ్లూ తడి గుడ్డతో తుడిచి తుడిచి పెట్టించినా మిషన్ ఒప్పుకోలేదు. ఆ వేళ్లు అట్లా అయింది మా దగ్గరేనని తలచుకొని నేను తల ఎత్తలేకపోయాను. అక్కడి కుర్రవాడు ఓపికగా కంటిపాప స్కాన్ చేసి పని పూర్తి చేశాడు. అతడి మేలు మరవను.

ఆమె బ్యాంకులో మాత్రం అటువంటి మనిషి దొరకలేదు. ఖాతాలో పేరు సరిచేయమని మూడుసార్లు వెళ్లాం. మూడోసారి కౌంటరులోని ఆయన పాస్‌బుక్కును ఇటువైపు విసిరేసి, "మీ కూలీల పనులకు మా టైం పాడుచేయకండి" అని క్యూలో అందరూ వినేటట్టు అన్నాడు. పెద్దమ్మ వంగి, కింద పడిన పుస్తకం తీసుకొని కొంగుతో తుడుచుకుంది. నేను అక్కడే నిలబడి రాతపూర్వకంగా ఫిర్యాదు రాసి, మేనేజరు చేత ముద్ర వేయించుకున్నాను. రెండు రోజుల్లో పేరు మారింది. వినయంగా మూడుసార్లు అడిగితే కానిది ఒక్క ముద్రతో అయింది.

ఆ తర్వాత పేరు సవరణ, మానుకున్న తేదీ, పీఎఫ్ డబ్బు తీసుకునే ఫారం 19, పెన్షన్ వాటా తీసుకునే ఫారం 10సీ వరుసగా ఆటంకం లేకుండా సాగాయి. ప్రతి నెలా 27న జిల్లాల్లో పీఎఫ్ వాళ్లు 'నిధి ఆప్కే నికట్' అనే శిబిరం పెడతారని నాకు చాలా ఆలస్యంగా తెలిసింది. ముందే తెలిసి ఉంటే నెట్ సెంటర్ల చుట్టూ తిరిగేదాన్ని కాదు.

మొన్న గురువారం డబ్బు ఖాతాలో పడింది. పెద్దమ్మ అల్లుడిని తీసుకొని వచ్చింది. నేను పాస్‌బుక్ ప్రింటు తీసి, ఆమె వాటా గడి, నా వాటా గడి వేలు పెట్టి చూపించాను. "గిది నువ్వు గట్టిందా బిడ్డా?" అని రెండో గడి మీద వేలు ఆనించి, వడ్డీ ఎంతో కూడా అడిగింది. అల్లుడు, తప్పైందని ఒక్క మాట అని బయట నిలబడ్డాడు.

ఇప్పుడు కొత్తగా ఎవరు చేరినా మొదటి రోజే ఆధార్, బ్యాంకు పుస్తకం పక్కపక్కన పెట్టి ఒక్కో అక్షరమూ చదువుతున్నాను. ఫోన్ నంబరు వాళ్లదేనా అని అక్కడికక్కడే మోగించి చూస్తున్నాను. ఉన్నవాళ్లలో ఏడుగురి పేర్లు ఇంకా సరిచేయించాలి. వచ్చే 27కు ముగ్గురిని తీసుకెళ్తున్నాను.