బానెట్ మీద రెండడుగుల చదరం

ఆదివారం, రాత్రి.

అరచేతుల్లో ఇంకా ఆ కంపనం ఉంది. ట్రక్కు రంగును రుద్ది మెరిపించే యంత్రం, పాలిషర్, ఆపేసి చాలాసేపయినా వేళ్ళు దాన్ని మరచిపోలేదు. అయినా నిద్రపోయే ముందు ఈ రోజు సంగతి రాసి పెట్టుకోవాలి. పోయిన ఏడాది ఏ ప్యాడ్‌తో ఏ పాలిష్ వాడానో ఎక్కడా రాసుకోలేదు. అందుకే ఈ ఉదయం ఒక గంట అదే వెతుకులాటకు పోయింది.

ఎండ ఎక్కకముందే ట్రక్కును షెడ్డు నీడలోకి తెచ్చి నిలబెట్టాను. రేకు చల్లగా ఉన్నప్పుడే కడగాలి. కాగిన రేకు మీద నీళ్ళు పోస్తే గుడ్డ అందుకునేలోపే ఆరిపోతాయి. నీళ్ళు ఆవిరైపోయినా వాటిలోని కాల్షియం, మెగ్నీషియం రంగు మీదే తెల్లటి వలయాలుగా మిగులుతాయి. అవి ముదిరితే నీళ్ళు కలిపిన వెనిగర్‌తో గానీ వదలవు, మరీ ముదిరితే దానికీ వదలవు.

ముందు చక్రాలు కడిగాను, వాటి బ్రష్షు వేరు, బకెట్ వేరు. ఆ తర్వాత క్యాబిన్ పైకప్పు దగ్గర మొదలుపెట్టి కిందికి దిగుతూ వచ్చాను. ఒక బకెట్‌లో షాంపూ నీళ్ళు, ఇంకోదాంట్లో ఉత్త నీళ్ళు. ఒక రేకు తుడవగానే గుడ్డను ఉత్త నీళ్ళలో జాడించి, అప్పుడే మళ్ళీ షాంపూలో ముంచడం. అంతా అయ్యాక ఉత్త నీళ్ళ బకెట్‌ను మెల్లగా వంచి చూశాను. అడుగున గుప్పెడు సన్నటి ఇసుక. ఒకే బకెట్ వాడి ఉంటే ఆ ఇసుకంతా గుడ్డతో పాటు రంగు మీద తిరిగేది.

ఇది ఎవరో చెబితే తెలుసుకున్నది కాదు. ట్రక్కు నా చేతికి వచ్చిన మొదటి ఏడాదంతా దుమ్ము పట్టినప్పుడల్లా పొడిగుడ్డతో తుడిచేదాన్ని. బండిని ఎంతో శుభ్రంగా ఉంచుతున్నానన్న తృప్తి ఉండేది. బానెట్ మీద ఈ రోజు నేను పోరాడిన గీతల్లో చాలావరకు నా చేత్తో నేను గీసినవే. మామూలు వెలుతురులో అవి కనిపించవు, రంగు కాస్త మసకగా అనిపిస్తుందంతే. టార్చి దగ్గరికి తెస్తే సాలెగూడులా వెలుగు చుట్టూ వలయాలు కడతాయి. నిజానికి ఆ గీతలు వలయాలుగా లేవు, అన్ని దిక్కులకూ అడ్డదిడ్డంగా ఉన్నాయి. వెలుగుకు అడ్డంగా పడినవి మాత్రమే మెరుస్తాయి కాబట్టి టార్చి ఎటు జరిపితే వలయం అటు వస్తుంది. పొద్దున చాలాసేపు టార్చి అటూ ఇటూ తిప్పుతూ అదే చూస్తూ ఉండిపోయాను.

కడిగి ఆరబెట్టాక పలచటి ప్లాస్టిక్ సంచి చేతికి తొడుక్కుని బానెట్ మీద మెల్లగా నిమిరాను. ఉత్త చేతికి నున్నగా తగిలిన చోటే సంచిలోంచి ఉప్పు పరిచినట్టు గరగరలాడింది. నాన్నను పిలిచి ఆయన చేత కూడా నిమిరించాను. ఆయన కాసేపు కళ్ళు మూసుకుని వేళ్ళు జరిపి, "ఇంతసేపు కడిగావు కదమ్మా, ఇంకా ఇదేమిటి?" అన్నారు.

అది కడిగితే పోయే మురికి కాదు. బ్రేకుల దగ్గర అరిగి రేగిన ఇనుప రజను వేడివేడిగా వచ్చి రంగులో గుచ్చుకుంటుంది, అక్కడే తుప్పు పడుతుంది. ఇనుమును కరిగించే ద్రావకం పిచికారీ చేసి రెండు మూడు నిమిషాలు ఆగాను. బానెట్ మీద చుక్కలు చుక్కలుగా ఊదా రంగు పుట్టుకొచ్చి, చారలై కిందికి కారింది. వాసన మాత్రం కుళ్ళిన గుడ్డు వాసనే, ముక్కుకు గుడ్డ కట్టుకోక తప్పదు. నాన్న ముక్కు మూసుకుని కూడా దగ్గరే నిలబడి చూశారు.

ద్రావకానికి లొంగని తారు, చెట్ల జిగురు క్లే బార్ అనే మెత్తటి మట్టిముద్దతో తీశాను. జారుడుగా ఉండే ద్రవం చల్లి, మట్టిముద్దను ఏమాత్రం అదమకుండా జరుపుతూ పోతే మొదట చప్పుడు వస్తుంది, కాసేపటికి ఆ చప్పుడు ఆగిపోతుంది. ఆ రేకు పని అయినట్టు అదే గుర్తు. మధ్యలో ముద్ద చేయి జారి నేల మీద పడింది. సగానికి పైగా కొత్తగా ఉన్నా పారేశాను. నేల మీద పడ్డ క్లే ఇక క్లే కాదు, ఇసుక అద్దిన గరుకు కాగితం.

అసలు పని ఆ తర్వాత మొదలైంది. దాని గురించి కొంచెం ఎక్కువ రాయాలి.

కొలిచే పరికరం ఒకటి అడిగి తెచ్చుకున్నాను. రేకుకు ఆనిస్తే దాని మీద రంగు ఎన్ని మైక్రాన్ల మందం ఉందో చెబుతుంది, మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు. కర్మాగారంలో వేసిన రంగు అన్ని పొరలూ కలిపి సుమారు 100 నుంచి 150 మైక్రాన్లు ఉంటుంది. అందులో అన్నిటికంటే పైన ఉండే రంగులేని పారదర్శక పొర, క్లియర్ కోట్, 40, 50 మైక్రాన్లు. తల వెంట్రుక మందం సుమారు 70 మైక్రాన్లు ఉంటుంది. అంటే మనం మెరుపు అని మురిసిపోయేదంతా వెంట్రుక కంటే పలచటి పొరలో ఉంది. ఎండలోని అతినీలలోహిత కిరణాలను అడ్డుకునే పదార్థాలు కూడా ఆ పొరలోనే ఉన్నాయి. పాలిష్ చేయడమంటే గీతను పూడ్చడం కాదు, గీత అడుగు దాకా చుట్టూ ఉన్న పొరను అరగదీసి సమం చేయడం. రుద్దిన ప్రతిసారీ ఆ పొర కొంచెం తరుగుతుంది. తరిగింది మళ్ళీ రాదు.

బానెట్ మీద మూడు చోట్ల కొలిస్తే 112, 118, 109 వచ్చింది. ఎడమ తలుపు మీద 236! ఆ తలుపుకు ఎప్పుడో మళ్ళీ రంగు వేశారన్నమాట. నాన్నను అడిగితే గుర్తు లేదన్నారు. కాసేపాగి, గేటుకు తగిలిన సంగతి చెప్పారు. పరికరం మొత్తం మందమే చెబుతుంది, అందులో క్లియర్ కోట్ వాటా ఎంతో చెప్పదు. అందుకని పెద్ద అంకె చూసి చెలరేగిపోకూడదు.

ఇంకో చిన్న పరీక్ష కూడా చేశాను. తెల్లగుడ్డకు కాస్త పాలిష్ అద్ది, ఎవరూ చూడని కింది మూలలో రుద్దాను. గుడ్డకు బండి రంగు అంటితే పైన క్లియర్ కోట్ లేనట్టు, అంటకపోతే ఉన్నట్టు. తలుపుల మీద, బానెట్ మీద గుడ్డ తెల్లగానే ఉంది. వెనక తొట్టి పక్క రేకు మీద మాత్రం ఎర్రగా అయింది. అక్కడ ఉన్నది పాత పద్ధతి రంగు, నేరుగా అదే పై పొర. చాక్‌పీసు పొడిలా పాలిపోయిన ఆ రేకు రెండు చేతుల రుద్దుడుకే లోపలి ఎరుపు బయటపెట్టింది. ఆ ఎరుపు చూసి నాన్న అన్న మాట అలాగే రాసుకుంటున్నాను: "కొన్న రోజు ఇలాగే ఉండేది."

నల్ల ప్లాస్టిక్ అంచులకూ రబ్బరుకూ టేపు అంటించాను. పాలిష్ వాటి మీద ఎండితే తెల్లటి మరక పడుతుంది, తర్వాత వదిలించడం కష్టం. బానెట్ మధ్యలో కూడా టేపుతో రెండడుగుల చదరం గీసుకున్నాను. బండి మొత్తం ఎలా చేయాలో ఆ చదరమే చెప్పాలి. మెత్తటి స్పాంజి ప్యాడ్, అన్నిటికంటే సన్నటి పాలిష్‌తో మొదలుపెట్టాను. ముందు తక్కువ వేగంలో పరిచి, తర్వాత వేగం పెంచి, సెకనుకు ఒక అంగుళం చొప్పున నిలువుగా ఒకసారి, అడ్డంగా ఒకసారి. ప్రతి వరుస ముందు వరుసను సగం కప్పుతూ పోవాలి. తుడిచి చూస్తే అద్దం!

ఆ అద్దాన్ని నమ్మకూడదు. పాలిష్‌లోని నూనె గీతల్లో నిండి వాటిని దాచేస్తుంది. నీళ్ళు కలిపిన ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తుడవగానే సగం గీతలు మళ్ళీ లేచి వచ్చాయి. మనసు చివుక్కుమంది. తొందరపడి ఇక్కడే కాంపౌండు అనే గరుకు పాలిష్, ఉన్ని ప్యాడ్ అందుకోవాలనిపిస్తుంది. నేను అందుకోలేదు. ప్యాడ్ మాత్రం మార్చాను, స్పాంజి కొంచెం గట్టిది. పాలిష్ అదే. ఇంకో విడత తిప్పి, ఆల్కహాల్‌తో తుడిచి, టార్చి వేసి చూశాను. సాలెగూడు పోయింది. లోతైనవి ఆరేడు మిగిలాయి. చాలు. బండి మొత్తానికి ఇదే లెక్క అని అక్కడే తేల్చుకున్నాను. రాసుకుంటున్నాను: మధ్యరకం స్పాంజి, సన్నటి పాలిష్, రెండు విడతలు, ప్రతి రేకుకూ ప్యాడ్ దులపాలి.

అంచుల దగ్గర ఇంకా భయం పోలేదు. రంగు అంచుల మీద, రేకు మడత గీతల మీద పలచగా ఉంటుంది, ప్యాడ్ ఒత్తిడంతా కూడా అక్కడే పడుతుంది. పోయిన ఏడాది వెనక తలుపు అంచు మీద క్షణం ఎక్కువ ఆగాను. వేలిగోరంత మేర రంగు పోయి దాని కింది బూడిద రంగు పూత, ప్రైమర్, బయటపడింది. ఆ రోజు నాన్న ఒక్క మాట అనలేదు, పక్కన కూర్చుని సీసా మూత తీసి ఇచ్చారు. ఈసారి ప్రతి మడత మీదా టేపు వేశాను. టేపు తీసేసి ఆ సన్నటి పట్టీలను చేత్తో రుద్దాను.

క్యాబిన్ పైకప్పు సంగతి బాధగా ఉంది. ఎండకు ఎదురుగా పడుకుని ఉండేవి పైకప్పు, బానెట్టే కదా. పైకప్పు మీద క్లియర్ కోట్ ఎండిన చర్మంలా పొరలు పొరలుగా లేచింది. "అక్కడ కూడా ఒకసారి రుద్దకూడదా?" అని నాన్న అడిగారు. లేచిన పొరకు పాలిష్ మందు కాదు. ఇంకా రుద్దితే అంచులు మరింత లేస్తాయి. దాన్ని గీకి, సమం చేసి, మళ్ళీ రంగు వేయించాల్సిందే. ఆ మాట ఆయనకు చెప్పేటప్పుడు నా గొంతు తగ్గింది. పొడిగుడ్డతో తుడుస్తూ గడిపిన ఆ ఏడాది నేను పైకప్పుకు ఒక్కసారి మైనం పూసినా ఇంత దూరం వచ్చేది కాదేమోనని ఇప్పటికీ అనిపిస్తుంది.

ముందు భాగంలో రాళ్ళు తగిలి రాలిన చుక్కలకు తలుపు చట్రం మీది పలకపై ఉన్న కోడ్ చూసి తెప్పించిన రంగు పెట్టాను. పుల్ల కొనతో, పలచగా, ఆరనిచ్చి మళ్ళీ ఒకసారి. ఒకేసారి బొట్టులా పెడితే ఉబ్బుగా కనిపిస్తుంది. అందం సంగతి తర్వాత, తుప్పు లోపలికి పాకకుండా ఆగితే అదే పదివేలు.

చివరికి రక్షణ పూత. నాన్నకు కార్నౌబా మైనం అంటే ఇష్టం. బ్రెజిల్‌లో పెరిగే ఒక తాటిజాతి చెట్టు ఆకుల మీద నుంచి తీసే మైనం అది. ఎరుపు రంగుకు అది ఇచ్చే నిండుదనం నాకూ నచ్చుతుంది, కానీ కొన్ని వారాలకే పలచబడుతుంది. ఆరుబయట నిలబడే బండి కాబట్టి నెలల తరబడి నిలిచే కృత్రిమ సీలెంట్ పూశాను, వెనక తొట్టి పక్కన మాత్రం ఆయన మాట ప్రకారం మైనమే. రెండిట్లో ఏదైనా కనిపించీ కనిపించనంత పలచగానే పూయాలి. ఎక్కువ పూసినంత మాత్రాన ఎక్కువ కాలం ఉండదు, తుడవడానికి చేతులు పడిపోతాయి. సిరామిక్ పూత వేయిస్తే ఇక కడగక్కర్లేదని చెప్పేవాళ్ళ మాట నేను ఒప్పుకోను. దాని మీదా దుమ్ము పడుతుంది, పక్షులు రెట్ట వేస్తాయి.

రెట్ట అంటే గుర్తొచ్చింది. దానిలోని ఆమ్లం ఎండ వేడికి క్లియర్ కోట్‌ను తినేస్తుంది, గంటల్లోనే గుంట పడవచ్చు. అలాగని గీకకూడదు, అందులో ఇసుక రవ్వలు కూడా ఉంటాయి. తడిగుడ్డ వేసి పది నిమిషాలు నాననిచ్చి పైకి ఎత్తేయాలి. ఈ ఒక్క పనీ నాన్న నాకు వదలరు. రోజూ పొద్దున్నే నీళ్ళ సీసా, మడతపెట్టిన గుడ్డ పట్టుకుని బండి చుట్టూ తిరుగుతారు. నేను రెండు బకెట్లు, మూడు ప్యాడ్‌లు, ఒక కొలత పరికరం పెట్టుకుని ఆదివారం చేసిన దానికంటే ఆయన రోజూ చేసే ఆ ఒక్క చుట్టే ఈ రంగును ఎక్కువగా కాపాడిందని నా నమ్మకం.

సాయంత్రం టేపులన్నీ తీసేశాక ఆయన బండి వెనక్కి వెళ్ళి, తలుపు మీద ఒక పొడుగాటి గీత దగ్గర ఆగారు.

"ఇది వదిలేశావేం?"

"గోరుతో గీరి చూడండి నాన్నా. గోరుకు తగులుతోంది కదా? గోరుకు తగిలే గీత లోతైనది. దాన్ని తీయాలంటే చుట్టూ ఉన్నదంతా ఆ లోతుకు దించాలి. అంత పొర లేదు అక్కడ."

ఆయన గోరుతో ఆ చివరి నుంచి ఈ చివరి దాకా మెల్లగా గీరారు. "నిచ్చెన ఎక్కిస్తుంటే పడింది ఇది. ఆ రోజు చాలా బాధపడ్డాను" అన్నారు. తర్వాత నా భుజం మీది గుడ్డ తీసుకుని, దాని కింద మిగిలిపోయిన సీలెంట్ మరకను తుడిచారు.

ప్యాడ్‌లు ఉతికి నీడలో ఆరేశాను. కుడి పక్క రెండు రేకులు మిగిలాయి, వచ్చే ఆదివారం చేయాలి. కొలత పరికరం రేపు తిరిగి ఇచ్చేయాలి, ఇచ్చేలోపు కుడి తలుపు కొలిచి ఇక్కడే అంకె రాసుకోవాలి.